మైజోస్టోమా

గ్రీకులో 'మైజో' అంటే చప్పరించడం, 'స్టోమా' అంటే నోరు. బడిలో చదివిన ఆకుల 'స్టొమాటా'దీ ఈ మూలమే. 1827లో జర్మన్ జంతుశాస్త్రవేత్త లాయ్‌కార్ట్ ఒక సముద్రపు పురుగుకు ఈ పేరు పెట్టాడు.

బిళ్లలా చదునుగా, ఎక్కువగా కొద్ది మిల్లీమీటర్లే ఉండే ఈ జీవి నక్షత్రచేపల బంధువులైన ఫెదర్‌స్టార్ల మీద బతుకుతుంది. కొక్కేలున్న ఐదు జతల కాళ్లతో గట్టిగా పట్టుకుని, తొండం చాపి, వాటి నోటికి చేరాల్సిన తిండిని దారిలోనే లాగేసుకుంటుంది.

లాయ్‌కార్ట్ దీన్ని పరాన్నజీవులైన చదును పురుగుల్లో చేర్చాడు. ఆ తర్వాత దీని వర్గం గురించి ఎన్నో వాదాలు నడిచాయి. కాళ్ల ముళ్లు, లార్వా రూపం, జన్యువులు కలిసి చివరికి దీన్ని వానపాములూ జలగలూ ఉన్న అనెలిడా వర్గంలోకి తెచ్చాయి. దీని గుంపైన మైజోస్టోమిడ్లలో నేడు 150కి పైగా జాతులు తెలుసు.