పది గంటల చట్టము

మీలో కూలికి పోవువారున్నారు, కూలికి మనుష్యులను పిలుచువారును ఉన్నారు. ఇరువురికిని చెందిన ఒక పాత తగవును మీ ముందుంచుచున్నాను. పనిగంటలు తగ్గించినయెడల పని తరుగునా?

ఇంగ్లండు మిల్లులలో ఒకప్పుడు చిన్నపిల్లలు సైతము దినమునకు 12, 13 గంటలు నిలుచుండి తెగిన పోగులు అతుకుచుండిరి. 1830లో రిచర్డ్ ఓస్ట్లర్ అనునాయన లీడ్స్ పట్టణపు పత్రికకు లేఖ వ్రాసి, ఇది బానిసత్వము గాక మరేమని అడిగెను. పార్లమెంటులో ఆ పిల్లల పక్షమున నిలిచినవాడు ఆష్లే ప్రభువు. తరువాత షాఫ్ట్స్‌బరీ ప్రభువని పేరొందిన విశ్వాసి ఈయనే. దినమునకు 10 గంటలు చాలునని ఆయన ఏండ్ల తరబడి వాదించెను.

ఎదిరించినవారందరు దుర్మార్గులని తలంచకుడి. జాన్ బ్రైట్ క్వేకరు భక్తుడు. ధాన్యముపై సుంకము తీసివేయించుటకు పాటుపడినవాడు. మిల్లు యజమానియైన ఆయనయు ఈ చట్టము వలదనెను. నస్సా సీనియర్ అను ఆర్థికవేత్త 1837లో లెక్కకట్టి, యజమాని లాభమంతయు చివరి గంటలోనే వచ్చునని చెప్పెను. లెక్క చక్కగానే కనబడెను. మనుష్యుడు అలసిపోవునను మాట మాత్రము అందులో లేదు!

ప్రెస్టన్ పట్టణములో గార్డ్‌నర్ అను యజమాని 1844 ఏప్రిల్‌లో తన మిల్లు పనిని 12 గంటలనుండి 11కు తగ్గించి చూచెను. ఇంచుమించు ఏడాది గడచినను సరుకు తరుగలేదు, ఖర్చు పెరుగలేదు. పనివారు 11 గంటలలోనే మునుపటి కూలి సంపాదించిరి. పొద్దుగూకిన తరువాత నాటిన నాటు ఎట్లుండునో మీకు తెలియును గనుక ఇందులో మీకు ఆశ్చర్యముండదు.

1846లో మెకాలే (మన దేశమున ఇంగ్లీషు చదువునకు 1835లో బాట వేసినవాడే) పార్లమెంటులో ఆదివారమునే సాక్షిగా పిలిచెను. మూడు వందల ఏండ్లుగా ఏడింట ఒక దినము పని మానిన దేశము అందువలన బీదది కాలేదు, ధనవంతమే ఆయెనని ఆయన వాదము. మంచి వాదమే. అయితే ద్వితీయోపదేశకాండము అయిదవ అధ్యాయము తెరచి చూడుడి. దాసునికి, దాసికి, ఎద్దునకు, గాడిదకు విశ్రాంతి విధించినప్పుడు, పంట హెచ్చునని అక్కడ చెప్పబడలేదు. మీరును ఐగుప్తులో దాసులైయుంటిరి గదా అనునదే కారణము. ప్రెస్టన్‌లో సరుకు తరిగియున్నను ఈ కారణము తరుగదు.

ఆ యేడు బిల్లు 10 ఓట్లతో ఓడెను. 1847లో జాన్ ఫీల్డెన్, తానును మిల్లు యజమానియే, నెగ్గించెను. స్త్రీలకును, 18 ఏండ్లలోపు వారికిని 10 గంటలు. యజమానులు కొందరు వంతులు మార్చి తప్పించుకొనగా, 1850లో పదిన్నర గంటలకు సర్దుబాటు చేసి, శనివారము మధ్యాహ్నము 2 గంటలకే వారి పని ముగియవలెనని విధించిరి. తల్లులు పిల్లల బట్టలుతికి, సంతకు పోయివచ్చి, ఆదివారమునకు సిద్ధపడుటకు ఒక పూట దొరికెను.