రాహ్‌దారీ: బూషెహ్ర్–షీరాజ్ బాటపై ఒక హెచ్చరిక పత్రం

1910 అక్టోబరులో టెహ్రానులోని బ్రిటిష్ రాయబారి సర్ జార్జ్ బార్క్‌లే ఇరాన్ ప్రభుత్వానికి ఒక పత్రం అందజేశాడు. దక్షిణాది వర్తక బాటలు దొంగల పాలయ్యాయనీ, మూడు మాసాలలో అక్కడ భద్రత నెలకొనకపోతే బ్రిటిష్ ప్రభుత్వమే ఆ పనికి పూనుకుంటుందనీ దాని సారాంశం. అందుకు సూచించిన పద్ధతి ఇది: 1000 నుండి 1200 మంది స్థానికులతో ఒక దళం ఏర్పడాలి. దానిని బ్రిటిష్ ఇండియా సైన్యం నుండి వచ్చే ఎనిమిది పది మంది అధికారులు నడపాలి. ఖర్చులో కొంత భాగాన్ని ఫార్స్ రాష్ట్రపు ఆదాయం నుండి, కొంత భాగాన్ని దక్షిణ రేవుల సుంకంపై నూటికి పదివంతున అదనంగా వసూలు చేసి తీసుకోవాలి.

ఈ పత్రం బాట కాపలాను గూర్చి వ్రాసినట్లు కనిపిస్తుంది. నిజానికి అది ప్రభుత్వాన్ని గూర్చి వ్రాసింది. ఆ సంగతి గ్రహించాలంటే ముందు ఆ బాటను, తర్వాత ఒక మాటను తెలుసుకోవాలి.

బూషెహ్ర్ పర్షియన్ గల్ఫ్‌పై ఉన్న రేవు. బొంబాయి నుండి ఓడలలో వచ్చిన బట్ట, తేయాకు, చక్కెర అక్కడ దిగి కంచర గాడిదలపై షీరాజుకు, అక్కడి నుండి ఇస్ఫహానుకు చేరేవి. బూషెహ్ర్ నుండి షీరాజుకు సుమారు 180 మైళ్లు. బండ్లు నడిచే బాట కాదది. బొరాజ్‌జాన్, దాలకీ, కాజెరూన్‌ల మీదుగా ఒకదాని వెంట ఒకటిగా కనుమలు ఎక్కి దిగాలి. కనుమను అక్కడివారు ‘కోతల్’ అంటారు. కాజెరూన్‌కు ఎగువనున్న రెండు కోతళ్లకు ‘దుఖ్తర్’, ‘పీరెజన్’ అని పేర్లు: ఒకటి పడుచు, రెండవది ముసలి. ముసలిది ఏడు వేల అడుగులకు పైబడిన ఎత్తు. అటువంటి చోట గుట్ట చాటున పది తుపాకులుంటే చాలు, ఎంత పెద్ద బిడారమైనా నిలిచిపోవలసిందే. లండన్‌ను హిందూస్తాన్‌తో కలిపే తంతితీగ కూడా 1860ల నుండి ఆ దారి వెంటే టెహ్రాన్ నుండి బూషెహ్ర్‌కు దిగి, అక్కడ సముద్రంలో ప్రవేశించేది. కనుక ఈ బాటపై బ్రిటిష్ వారి శ్రద్ధకు కారణం బట్టల బేళ్లు మాత్రమే కాదు.

ఇక మాట సంగతి. మనం తెలుగులో పెద్ద బాటను ‘రహదారి’ అంటున్నాము. ఇది ఫార్సీ నుండి వచ్చిన మాట. ఫార్సీలో ‘రాహ్‌దార్’ అంటే బాటను కాచేవాడు. ‘రాహ్‌దారీ’ అంటే ఆ కాపలా, ఆ కాపలాకై బాటసారి చెల్లించే రుసుము. మన పాత కాగితాలలో ‘రహదారి’ అనే మాట ప్రయాణపు అనుమతి చీటీకి కూడా వాడారు. మాట మన వద్దకు వచ్చేసరికి కాపలా, రుసుము రెండూ జారిపోయి బాట ఒక్కటే మిగిలింది. ఆంగ్ల పత్రాలను అనువదించేవారికి ఇక్కడే చిక్కు వస్తుంది. కన్సల్ వ్రాతలలో ‘దోపిడీ’ అని ఉన్న ప్రతి చోటా దోపిడీయే జరిగిందా, లేక ఒక ఖాన్ తన తుఫంగ్‌చీలతో పాతకాలపు రాహ్‌దారీ వసూలు చేశాడా అన్నది ఆ వాక్యం ఒక్కదానినిబట్టి తెలియదు.

బాటలు కొట్టడాన్ని ఇస్లామీయ ధర్మశాస్త్రం చిన్న నేరంగా ఎన్నడూ చూడలేదు. సూరహ్ అల్ మాయిదహ్ 33వ ఆయత్ క్రింద ముఫస్సిరులు, ఫుఖహాలు ‘ఖత్‌ఉత్తరీఖ్’ను గూర్చి ఎంత కఠినంగా చర్చించారో మదరసాలో చదివినవారికి తెలుసు. హజ్ విధి కావడానికి బాట నిర్భయంగా ఉండడం ఒక షరతు. ప్రజలు భయం లేకుండా ప్రయాణించేటట్లు చూడడాన్ని ఇమామ్ మావర్దీ పాలకుని కర్తవ్యాలలో చేర్చాడు. ఐతే హనఫీ ఫుఖహాలు దీనికి మరొక ముఖ్య విషయాన్ని జోడించారు. వర్తకుల నుండి బాటపై వసూలు చేసే ‘ఆషిర్’ను ఇమామ్ నియమిస్తాడు. వర్తకులు అతని రక్షణలో ఉన్నందువల్లనే ఆ వసూలు చెల్లుతుంది. అనగా జిబాయత్ హిమాయత్‌పై ఆధారపడి ఉంది. రక్షణ లేనిదే వసూలు లేదు. దీనిని తిరగవేసి చూచినా నిజమే. వసూలు చేతిలో లేని పాలకుడు రక్షణను దేనితో సమకూరుస్తాడు?

ఇరాన్‌కు సరిగా ఈ దుస్థితే పట్టింది. 1828 నాటి తుర్క్‌మాన్‌చాయ్ సంధి సుంకాన్ని నూటికి ఐదుగా బిగించింది. తర్వాత 1901లో రష్యాతో, 1903లో బ్రిటన్‌తో కుదిరిన ఒప్పందాలు సుంకాల పట్టికను మార్చాయి, సరకులపై రాహ్‌దారీని రద్దు చేశాయి. ఆ పట్టికను ఇరాన్ తనంతట తాను సవరించుకునే వీలు లేదు. సుంకాల కచేరీలను నడిపినవారు బెల్జియం దేశస్థులు. వచ్చిన డబ్బు ఉత్తరాన రష్యా అప్పులకు, దక్షిణాన బ్రిటిష్ అప్పులకు తాకట్టులో ఉంది. రాహ్‌దారీ రద్దు వర్తకునికి మేలైన పనే. మన దేశంలో ఔరంగజేబు కూడా తన పాలన ఆరంభంలో దానిని రద్దు చేశాడు. కాని షీరాజ్ బాటలో రద్దయినది కాగితం మీది హక్కు మాత్రమే. కోతల్ పైన కూర్చున్న ఖాన్ అక్కడే ఉన్నాడు, అతని తుపాకి అతని వద్దనే ఉంది. నిన్నటి వరకు కాపలా కూలి అనిపించుకున్నది నేడు దోపిడీ అయింది. దానికి బదులుగా జీతం ఇచ్చేవారు లేకపోయారు.

ఇంత మాత్రాన దొంగలు లేరని వాదించరాదు. వలస ప్రభుత్వాల కుట్రలను ఎండగట్టే ఉత్సాహంలో మనవారు కొందరు ఆ బాటనంతా నిర్దోషిగా చిత్రించారు. అది చరిత్ర కాదు. చార్వాదార్‌లు, అంటే కంచర గాడిదలను అద్దెకు తోలే పేదలు, పశువులను, సరకును, కొన్నిసార్లు ప్రాణాలను పోగొట్టుకున్నారు. వారూ ముస్లింలే, వారిని దోచినవారూ ముస్లింలే. ఖష్ఖాయీల ఇల్‌ఖానీ సౌలతుద్దౌలా బిడారాలను తన పట్టులోనున్న ఫిరూజాబాద్ వైపు బాటకు మళ్లించడానికి పాటుపడ్డాడు. అతనికి ఎదురుగా షీరాజ్ నగరపు ఖవామ్ వంశం, వారి చేతి క్రింద ‘ఖమ్సహ్’ అనబడే ఐదు తెగల కూటమి ఉండేవి. ఖష్ఖాయీలను అదుపులో ఉంచడానికి 1860ల ఆరంభంలో ప్రభుత్వమే ఆ కూటమిని కల్పించింది. 1911లో ఖవామ్ సోదరులలో ఒకడు దేశాంతరం పోతూ దారిలో హతుడు కాగా, రెండవవాడు షీరాజులోని బ్రిటిష్ కాన్సులేట్‌లో తలదాచుకున్నాడు. బాట భద్రతకు పూచీ అడుగుతున్నవారే ఆ విధంగా ఒక పక్షానికి ఆశ్రయమిచ్చినవారయ్యారు.

పత్రం వచ్చిన కాలాన్ని కూడా గమనించాలి. 1906లో రాజ్యాంగం సాధించుకున్న ఇరాన్ ప్రజలు 1908 జూన్‌లో తమ మజ్లిస్‌పై ఫిరంగులు పేలడం చూశారు. 1909లో మళ్లీ టెహ్రానును గెలిచారు. సింహాసనంపై ఉన్నది పసివాడు. 1907 ఆగస్టు 31న రష్యా, బ్రిటన్‌లు ఇరాన్‌ను అడగకుండానే దానిని పలుకుబడి మండలాలుగా పంచుకున్నాయి. ఆ పంపకంలో బూషెహ్ర్, షీరాజ్‌లు బ్రిటిష్ మండలంలో లేవు. అవి తటస్థ మండలంలోనివి. తమ వాటాలో లేని బాటకు దళం నిర్మిస్తామని 1910లో బ్రిటిష్ వారు వ్రాశారన్నమాట. ఉత్తరాన తబ్రీజ్‌లో, ఖజ్వీన్‌లో రష్యా సైన్యాలు అప్పటికే దిగి ఉన్నాయి. దక్షిణాన ఒక దళం కుదురుకుంటే ఏమి జరుగుతుందో ఊహించడం ఇరానీయులకు కష్టం కాలేదు.

విదేశాంగ మంత్రి హుసేన్ ఖులీ ఖాన్ నవాబ్ ఇచ్చిన సమాధానం గమనింపదగినది. అశాంతికి విదేశీ సైన్యాల ఉనికి, ఖజానా లేమి కారణాలని చూపి, ఆ నూటికి పది అదనపు సుంకాన్ని వసూలు చేసుకోవడానికి తమకే సమ్మతి ఇమ్మని ఆయన అడిగాడు. దానితో తామే దళాన్ని పోషిస్తామన్నాడు. జిబాయత్ మీరు అనుమతిస్తే హిమాయత్ మేము చేస్తామని దీని భావం. తన రేవులో తన సుంకం పెంచుకోవడానికి ఒక మంత్రి పరదేశపు సమ్మతి కోరవలసిరావడం కంటె ఆనాటి ఇరాన్ స్థితిని తెలిపే సంగతి నాకు మరొకటి కనిపించలేదు.

మూడు మాసాల గడువు ముగిసింది. లండన్‌లో సర్ ఎడ్వర్డ్ గ్రే తన బెదిరింపును అప్పటికి అమలుపరచలేదు. ఇరాన్ స్వీడన్ దేశపు అధికారులను పిలిపించింది. 1911 ఆగస్టులో హ్యాల్మార్సన్ నాయకత్వాన వచ్చిన వారు జాందార్మరీ అనే దళాన్ని నిర్మించసాగారు. కాని వారు దక్షిణానికి చేరకముందే, ఆ శరదృతువులోనే, సెంట్రల్ ఇండియా హార్స్ సవార్లు కాన్సులేట్ల కాపలా పేరిట బూషెహ్ర్‌లో దిగారు. డిసెంబరులో కాజెరూన్ దగ్గర వారి రక్షణలో ప్రయాణిస్తున్న కన్సల్ స్మార్ట్ గాయపడ్డాడు. గాయపడినవానికి ఆశ్రయమిచ్చింది ఖష్ఖాయీలలోని కష్కూలీ తెగకు చెందిన ఒక ఖాన్ అన్నది మరువరాదు. మరుసటి సంవత్సరం డిసెంబరులో దష్తె అర్జన్ దగ్గర ఆ రెజిమెంటు కెప్టెన్ ఎక్‌ఫోర్డ్ హతుడయ్యాడు. బాటను కాయవలసినవారికే కాపలా అవసరమైంది. 1913లో ఆ సవార్లు తిరిగి పోయారు.

జాందార్మరీ కొంత కాలం పనిచేసింది. బాట పక్కన ఠాణాలు వెలిశాయి, బిడారాలు నడిచాయి. కాని జీతాలకు బ్రిటిష్ వారి అడ్వాన్సులే ఆధారమయ్యాయి. యుద్ధం వచ్చేసరికి ఆ దళంలోని దేశాభిమానులు, స్వీడన్ అధికారులు పెక్కుమంది జర్మనీ వైపు మొగ్గారు. 1915 ఆగస్టులో బ్రిటిష్ వారు బూషెహ్ర్‌ను ఆక్రమించారు. నవంబరులో షీరాజులోని జాందార్మరీ బ్రిటిష్ కన్సల్ ఓకానర్‌ను, అక్కడి ఆంగ్లేయులను బంధించి ఇదే బాట వెంట తంగిస్తాన్‌కు పంపింది.

1916 మార్చిలో పెర్సీ సైక్స్ బందర్ అబ్బాస్‌లో దిగాడు. అతడు నిర్మించిన సౌత్ పర్షియా రైఫిల్స్ చూస్తే 1910 నాటి పత్రమే పెద్ద అక్షరాలలో వ్రాసినట్లుంటుంది: సిపాయీలు స్థానికులు, అధికారులు బ్రిటిష్ వారు, సంఖ్య మాత్రం అనేక రెట్లు. టెహ్రానులో ఒక మంత్రివర్గం 1917లో దానిని గుర్తించగా తర్వాత వచ్చినది గుర్తించలేదు. 1918లో సౌలతుద్దౌలా దానిపై తిరగబడి షీరాజును చుట్టుముట్టినప్పుడు ఆ దళపు సిపాయీలు చాలామంది విడిచిపోయారు. 1921లో దళం రద్దయింది. దానికైన ఖర్చులో ఇరాన్ వాటా చెల్లించాలన్న బ్రిటిష్ కోరిక మాత్రం 1920ల చర్చలలో మళ్లీ మళ్లీ తలయెత్తుతూ వచ్చింది.