పుట్టిన ఊళ్లో కొలువు

అరబ్బుల రాజకీయాల్లో సరదా పోయిందని మాల్కం కెర్ 1971లో రాశారు. ‘ద అరబ్ కోల్డ్ వార్’ అన్న తన పుస్తకం మూడో కూర్పుకు ముందుమాట అది. 1967 జూన్ యుద్ధానికి ముందు అరబ్బు నాయకుల తగవులు చూస్తుంటే, తాను చదివిన ప్రిన్స్‌టన్ కాలేజీ జట్టు బురదలో ఫుట్‌బాల్ ఆడుతున్నట్టు ఉండేదట. నవ్వుకుంటూ చూడొచ్చు, ఎవరికీ పెద్దగా దెబ్బలు తగలవు. ఇజ్రాయెల్‌తో యుద్ధం వచ్చాక ఆ నవ్వు చచ్చిపోయింది. ఒక ప్రొఫెసర్ రాయాల్సిన మాటలేనా ఇవి అనిపించొచ్చు. నాకైతే, ఇంట్లో వాళ్ల గొడవలను ఇంట్లో వాడే చెప్పిన తీరు కనిపిస్తుంది వాటిలో.

ఇంట్లో వాడే మరి. కెర్ 1931లో బీరూట్‌లో పుట్టారు. తండ్రి స్టాన్లీ కెర్ మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక తుర్కియేలోని మరాష్ వెళ్లి, ఊచకోతలో అన్నీ పోగొట్టుకున్న ఆర్మీనియన్ అనాథలకు సాయపడినవారు. ఆ తర్వాత బీరూట్ అమెరికన్ యూనివర్సిటీలో బయోకెమిస్ట్రీ చెబుతూ దశాబ్దాలు గడిపారు. మధ్యధరా సముద్రం కనిపించే ఆ క్యాంపసే కొడుక్కి పెరటి దొడ్డి. 1866లో డేనియల్ బ్లిస్ అనే మిషనరీ పెట్టిన కాలేజీ అది. 1920లో పేరు మార్చుకుని యూనివర్సిటీ అయింది. కెర్ ఎం.ఏ. చదివిందీ, కాబోయే భార్య ఆన్‌ను కలిసిందీ అక్కడే. కొన్నాళ్లు పాఠాలు చెప్పిందీ అక్కడే. ఆపైన సుమారు ఇరవై ఏళ్లు లాస్ ఏంజెలిస్‌లో, కాలిఫోర్నియా యూనివర్సిటీలో పొలిటికల్ సైన్స్ ప్రొఫెసర్‌గా, తర్వాత డీన్‌గా పనిచేశారు.

ఆ పుస్తకం సంగతి కాస్త చెప్పుకోవాలి. కోల్డ్ వార్ అంటే అమెరికా, రష్యాల గొడవేనని లోకమంతా అనుకుంటున్న రోజుల్లో, అరబ్బుల మధ్య వాళ్లదే మరో కోల్డ్ వార్ నడుస్తోందని కెర్ చూపించారు. 1958లో ఈజిప్టు, సిరియా కలిసి ఒకే దేశమయ్యాయి. మూడేళ్లు గడిచాయో లేదో, 1961లో విడిపోయాయి. 1963లో మళ్లీ కలుద్దామని సిరియా, ఇరాక్‌ల బాత్ పార్టీ వాళ్లు కైరో వచ్చి ఈజిప్టు అధ్యక్షుడు నాసర్ ముందు కూర్చున్నారు. ఆ చర్చల్లో ఎవరేమన్నారో తర్వాత ఈజిప్టే అచ్చేసి బయటపెట్టింది. కెర్‌కు అది నిధి దొరికినట్టే. ఐక్యత గురించి అందరికన్నా గట్టిగా మాట్లాడేవాళ్లే ఒకరినొకరు ఎలా ఇరికించుకుంటారో ఆ కాగితాల ఆధారంగా విప్పి చెప్పారు. పుస్తకం చిన్నదే. పశ్చిమాసియా రాజకీయాలు చదివేవాళ్లు ఆ పేరును నేటికీ వాడుతున్నారు.

మన దగ్గర వీసీ కుర్చీ అంటే నియామకాల తలనొప్పి, జీతాల బకాయిల తలనొప్పి. 1982లో కెర్‌కు దక్కిన బీరూట్ అమెరికన్ యూనివర్సిటీ అధ్యక్షుడి కుర్చీకి ఇంకో లెక్క ఉంది. అంతర్యుద్ధం మొదలై అప్పటికి ఏడేళ్లు. ఆ జూన్‌లో ఇజ్రాయెల్ సైన్యం లెబనాన్‌లోకి దిగింది. జూలైలో యూనివర్సిటీ తాత్కాలిక అధ్యక్షుడు డేవిడ్ డాడ్జ్‌ను క్యాంపస్‌లోనే ఎత్తుకుపోయారు. ఈయన ఆ డేనియల్ బ్లిస్ మునిమనవడు. ఏడాది తర్వాత గాని వదల్లేదు. ఆ కుర్చీలోనే కెర్ కూర్చున్నారు. ప్రాణం దక్కేది సగం, పోయేది సగం అని ఇంట్లో ముందే అన్నారట. అయినా వెళ్లారు. చిన్నప్పటి నుంచీ మనసులో ఉన్న కొలువు అది. ఆ ప్రాంతం గురించి ఆయనకన్నా బాగా తెలిసినవాళ్లు కొద్దిమందే. తెలిసీ వెళ్లడాన్ని మొండితనమని అనలేను.

1983 ఏప్రిల్‌లో బీరూట్‌లోని అమెరికా రాయబార కార్యాలయం పేలింది. 63 మంది పోయారు. అక్టోబర్‌లో మెరీన్ల శిబిరంలోకి లారీ బాంబు దూసుకొచ్చింది. 241 మంది అమెరికన్ సైనికులు చనిపోయారు. యూనివర్సిటీలో క్లాసులు మాత్రం నడుస్తూనే ఉన్నాయి.

1984 జనవరి 18. ఉదయం తొమ్మిది దాటింది. క్యాంపస్‌లోని కాలేజ్ హాల్‌లో లిఫ్టు దిగి తన ఆఫీసు వైపు నడుస్తున్న కెర్‌ను ఇద్దరు వెనక నుంచి తలమీద కాల్చి వెళ్లిపోయారు. తుపాకులకు సైలెన్సర్లు ఉన్నాయి. ఆన్ పరుగున వచ్చేసరికి ఆయన బోర్లా పడి ఉన్నారు, ముందు బ్రీఫ్‌కేసు, గొడుగు. వయసు 52. ఇస్లామిక్ జిహాద్ అనే సంస్థ పేరుతో ఎవరో ఫోన్ చేసి, ఇది తమ పనేనన్నారు. కుటుంబం వేసిన దావాలో అమెరికా కోర్టు ఒకటి, హత్యకు ఇరాన్ బాధ్యత వహించాలని 2003లో తీర్పిచ్చింది.

అరిజోనాలో చదువుతున్న కొడుకు స్టీవ్‌కు అప్పుడు పద్దెనిమిదేళ్లు. రెండు రోజుల తర్వాత కాలేజీ జట్టు తరఫున బాస్కెట్‌బాల్ ఆడాడు. గోల్డెన్ స్టేట్ వారియర్స్ కోచ్‌గా ఎన్‌బీఏ అభిమానులకు తెలిసిన స్టీవ్ కెర్ ఆయనే. పుట్టింది బీరూట్‌లోనే.

కెర్ తర్వాత చాన్నాళ్లు అధ్యక్షులెవరూ బీరూట్‌లో కాపురం పెట్టలేదు. 1991 నవంబర్‌లో బాంబు పేలి కాలేజ్ హాల్ గడియారపు స్తంభంతో సహా కూలింది. 1982లో అపహరణకు గురైన డాడ్జే 1996లో అధ్యక్షుడై కొద్దికాలం పనిచేశారు. 1998 జనవరిలో కొత్త అధ్యక్షుడు పెట్టె బేడా సర్దుకుని బీరూట్‌లోనే దిగారు. పేరు జాన్ వాటర్‌బరీ. నాసర్, సాదత్‌ల ఈజిప్టు మీద పెద్ద పుస్తకం రాసిన ప్రిన్స్‌టన్ ప్రొఫెసర్. ఆయనదీ పొలిటికల్ సైన్సే.