అంపైరు లేని ఆట, పాయింట్ల లెక్క

ఎమ్మెస్ చేయడానికి అమెరికా వెళ్ళిన మనవాళ్ళు చాలామంది ఈ దృశ్యం చూసే ఉంటారు. వారాంతం పొద్దున్నే యూనివర్సిటీ మైదానంలో ఇటు ఏడుగురు, అటు ఏడుగురు చేరి ఒక ప్లాస్టిక్ పళ్ళెం విసురుకుంటూ పరుగులు పెడుతుంటారు. నేనూ చూశాను. ఏదో కాలక్షేపంలే అనుకుని పక్కనుంచి వెళ్ళిపోయేవాణ్ణి. అల్టిమేట్ ఫ్రిస్బీ అనే ఆ ఆటకి కాలేజీ స్థాయిలో జాతీయ పోటీలున్నాయనీ, వాటికి ఎవరు వెళ్ళాలన్న దానిమీద పెద్ద గొడవే అయిందనీ, చివరికి ఆ తీర్పులో సగం ఒక అల్గారిదమ్‌కి అప్పజెప్పారనీ తర్వాతెప్పుడో తెలిసింది. కోడ్ రాసుకుని బతికేవాణ్ణి కదా, ఆ చివరి ముక్క దగ్గర ఆగిపోయాను.

ముందు పాత కథ కొంచెం చెప్పాలి. 1968లో న్యూజెర్సీలోని మేపుల్‌వుడ్‌లో, కొలంబియా హైస్కూల్ విద్యార్థి సంఘం ముందు జోయెల్ సిల్వర్ అనే కుర్రాడు స్కూల్లో ఫ్రిస్బీ ఆట పెట్టాలని ప్రతిపాదించాడు. సగం వేళాకోళంగానే. అది కాస్తా నెగ్గింది. పిల్లలు స్కూలు పార్కింగ్ స్థలంలో ఆడుకుంటూ రూల్సు తయారుచేసుకున్నారు, 1970లో పక్కనే ఉన్న మిల్‌బర్న్ హైస్కూల్‌తో మొదటి మ్యాచ్ ఆడారు. అన్నట్టు, ఈ జోయెల్ సిల్వరే పెద్దయ్యాక 'డై హార్డ్', 'మేట్రిక్స్' సినిమాలు తీసిన నిర్మాత!

ఆ పిల్లలే కాలేజీలకి వెళ్తూ ఆటని వెంట తీసుకుపోయారు. 1972 నవంబర్ 6న రట్గర్స్, ప్రిన్స్‌టన్ మధ్య మొదటి కాలేజీ మ్యాచ్ జరిగింది. సరిగ్గా 103 ఏళ్ళ ముందు, 1869లో అదే తేదీన, అదే చోట, అవే రెండు కాలేజీలు అమెరికాలో మొదటి కాలేజీ ఫుట్‌బాల్ మ్యాచ్ ఆడాయి. ఫ్రిస్బీలో రట్గర్స్ 29–27తో గెలిచింది. 1975లో యేల్‌లో ఎనిమిది జట్లతో టోర్నమెంట్, 1979లో ఆటగాళ్ళ సంఘం యూపీఏ (2010 నుంచి దాని పేరు యూఎస్ఏ అల్టిమేట్), 1984లో కాలేజీ నేషనల్స్. అలా పెరుగుతూ పోయింది.

ఈ ఆటలో అసలు విశేషం ఏంటంటే అంపైరు ఉండడు. మన గల్లీ క్రికెట్లో బ్యాటింగ్ టీమువాడే అంపైరుగా నిలబడితే ఎన్ని తగాదాలో మనకి తెలుసు. ఇక్కడ ఆ ఒక్కడు కూడా లేడు. ఫౌల్ అయినవాడే 'ఫౌల్' అని అరవాలి. ఎదుటివాడు ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు. ఒప్పుకోకపోతే సాధారణంగా డిస్కు విసిరినవాడి చేతికి తిరిగొస్తుంది, మళ్ళీ ఆడతారు. దీన్నే 'స్పిరిట్ ఆఫ్ ద గేమ్' అంటారు. పెద్ద పోటీల్లో అబ్జర్వర్లని పెడతారు గానీ, ఫౌల్ మీద వాళ్ళు నోరు విప్పేది ఆటగాళ్ళు తమలో తాము తేల్చుకోలేనప్పుడే.

మైదానం లోపలి తగాదా ఇలా తీరుతుంది, సరే. మరి మైదానం బయటి తగాదా? నేషనల్స్‌కి ఏ ప్రాంతం నుంచి ఎన్ని జట్లు వెళ్ళాలి? పాత పద్ధతిలో ముందు ఏడాది నేషనల్స్ ఫలితాలు కూడా లెక్కలోకి వచ్చేవి. అంటే నిరుడు చదువు ముగించి వెళ్ళిపోయిన సీనియర్ల పుణ్యం ఈ ఏడాది జూనియర్లకి దక్కేది. వాళ్ళ పాపం కూడా అంతే. మరి ఫిబ్రవరిలోనో మార్చిలోనో పది గంటలు వ్యాన్‌లో కూర్చుని వెళ్ళి, ఎవరి గదిలోనో నేలమీద పడుకుని, చలిలో ఆడిన మ్యాచ్‌లకి విలువేంటి?

ఈ అసంతృప్తి 2008లో బయటపడింది. కాలేజీ టోర్నమెంట్లు నిర్వహించే కల్టిమేట్ అనే సంస్థ 'కాన్ఫరెన్స్ 1' అని ఒక ప్రతిపాదన తెచ్చింది. దేశంలోని పాతిక మేటి జట్లు యూపీఏ పోటీలనుంచి విడిపోయి, సీజనంతా తమలో తామే ఆడుకోవాలన్నది దాని సారాంశం. పెద్ద జట్లకి రోజూ గట్టి పోటీ, చూసేవాళ్ళకి మంచి మ్యాచ్‌లు. మిగిలిన వందల జట్ల సంగతి? ఆ తలుపు వాళ్ళకి మూసుకుపోయినట్టే. చివరికి ఆ ప్రతిపాదన అనుకున్నట్టుగా నడవలేదు. కానీ సీజన్‌కి విలువ ఉండాలన్న మాట మాత్రం మిగిలింది. 2011 సీజన్‌కల్లా కాలేజీ ఆటని తిరగరాశారు. పది ప్రాంతాలు, మొదటి డివిజన్ నేషనల్స్‌లో ఇరవై జట్లు. ప్రతి ప్రాంతానికీ ఒక స్థానం ఖాయం. మిగతా పది స్థానాలు సీజన్ మొత్తం ర్యాంకింగ్‌ని బట్టి.

ఇప్పుడు నాకు ఇష్టమైన భాగం. ప్రతి మ్యాచ్‌కీ ఇన్ని పాయింట్లు. ఒక్క పాయింటు తేడాతో, అంటే 15–14తో గెలిస్తే ఎదుటి జట్టు రేటింగ్ కన్నా 125 ఎక్కువ. 15–10 అయితే సుమారు 450. 15–7 దగ్గర 600కి చేరి ఆగిపోతుంది, ఆపైన ఎంత చిత్తుచేసినా ఒరిగేదేం లేదు. ఓడినవాళ్ళకి అంతే తగ్గుతుంది. కొత్త మ్యాచ్‌లకి బరువెక్కువ. కానీ ఎదుటి జట్టు రేటింగ్ తెలిస్తేనే కదా నాది తెలిసేది, దానిది తెలియాలంటే నాది తెలియాలి! అందుకని అందరికీ ఒకే అంకె ఇచ్చి మొదలుపెట్టి, అంకెలు కదలడం మానేసేదాకా లెక్క మళ్ళీ మళ్ళీ తిప్పుతారు. గూగుల్ పేజ్‌ర్యాంక్ గురించి చదివినవాళ్ళకి ఇది పాత చుట్టమే. సరదాకి 1972 నాటి 29–27ని ఈ సూత్రంలో వేసి చూశాను. రట్గర్స్‌కి సుమారు 170 వచ్చింది :)

ఇందులో ఒక మెలిక ఉంది. సీజనంతా కష్టపడి సంపాదించిన ఆ అదనపు స్థానం జట్టుది కాదు, ప్రాంతానిది. ప్రాంతీయ పోటీల్లో మళ్ళీ నెగ్గాలి. మనం ఫిబ్రవరినుంచి కూడబెట్టిన స్థానాన్ని ఆ ఒక్క వారాంతం బాగా ఆడిన పక్కజట్టు ఎత్తుకుపోవచ్చు. క్రూరంగానే ఉంటుంది. కానీ నాకు న్యాయంగానే అనిపిస్తుంది. తలుపు ఎంత వెడల్పు తెరవాలో లెక్క చెప్తుంది, లోపలికి ఎవరు వెళ్ళాలో ఆటే చెప్తుంది.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. బలమైన జట్లతో ఆడాలంటే దూరాలు వెళ్ళాలి, దానికి డబ్బు కావాలి. ఖర్చంతా చాలావరకు పిల్లలదే. డబ్బున్న కాలేజీకి సూత్రం తెలియకుండానే కొంచెం మొగ్గు చూపుతుంది.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది మాత్రం ఇంకోటి. ఫిబ్రవరిలో ఒక మ్యాచ్, స్కోరు 14–14. ఆఖరి పాయింటు. నువ్వు ఫౌల్ చేశావు, అది నీకొక్కడికే తెలుసు. ఒప్పుకుంటే ఓడిపోవచ్చు. ఒకప్పుడైతే ఆ మ్యాచ్‌తో పోయేది. ఇప్పుడు ప్లస్ 125కీ మైనస్ 125కీ మధ్య 250 తేడా, మే నెలలో నీ ప్రాంతానికి ఒక స్థానం తగ్గడానికి అదే కారణం కావచ్చు. ఇంత ధర కట్టాక కూడా వాళ్ళు రిఫరీని తెచ్చుకోలేదు.

ఆటలోకి అల్గారిదమ్ వస్తే నిజాయితీ పోతుందని బాధపడేవాళ్ళున్నారు. నాకలా అనిపించదు. ఎదురుగా నిలబడ్డవాడి కళ్ళలోకి చూసి నిజం చెప్పగలం. మూడు వేల కిలోమీటర్ల అవతల, ఎప్పుడూ మనతో ఆడని జట్టుతో ఏం తేల్చుకుంటాం? అక్కడ లెక్కే కావాలి. ఆ లెక్క కూడా అందరిముందూ ఉంది, ఎవరైనా కూర్చుని సరిచూసుకోవచ్చు. మన ఆఫీసు అప్రైజల్ రేటింగులకి ఆ భాగ్యం కూడా లేదు! ఇక ఆ లెక్కలోకి వెళ్ళే ప్రతి స్కోరు వెనకా ఎవరో ఒకరు అవును, ఫౌల్ నాదే అని చెయ్యెత్తిన క్షణాలు ఉంటాయి. అవి అబద్ధమైతే ఎంత మంచి సూత్రమైనా చేసేదేముంది?