ఈ ఒక్క క్వార్టర్‌కే

మా ప్రాజెక్టుకి సాక్స్ ఆడిట్ వచ్చినప్పుడల్లా అందరం తిట్టుకుంటాం. ఎవరో అమెరికాలో లెక్కలు తారుమారు చేస్తే, హైదరాబాదులో కోడ్ రాసుకునే నేను ప్రతి డిప్లాయ్‌మెంటుకీ అప్రూవల్ దాచిపెట్టుకోవడమేంటండీ? ఆ చిరాకులోనే, అసలీ గోల ఎక్కడ మొదలైందో చదివా. సీఈఓల కథనుకున్నా. తీరా చదివాక బుర్రలో ఉండిపోయింది ఒక అకౌంటెంటు.

పేరు బెట్టీ విన్సన్. మిసిసిపీలో వరల్డ్‌కామ్ అనే టెలికాం కంపెనీలో 1996లో చేరింది. మధ్య స్థాయి ఉద్యోగం, ఇంట్లో ఎక్కువ జీతం ఆమెదే.

2000 అక్టోబరులో కంపెనీకి చిక్కొచ్చింది. వేరే కంపెనీల లైన్లు వాడుకున్నందుకు కట్టే ఖర్చు బాగా పెరిగింది, వాల్‌స్ట్రీట్‌కి చెప్పుకున్న లాభం కనబడట్లేదు. రిజర్వు ఖాతాల్లోంచి 82.8 కోట్ల డాలర్లు లాగి ఆ ఖర్చు తక్కువ చేసి చూపమని పైనుంచి మాటొచ్చింది. తప్పని ఆమెకి తెలుసు. అయినా ఎంట్రీ వేసింది. తర్వాత మనసొప్పక రాజీనామా ఇద్దామనుకుంది. అప్పుడు సీఎఫ్ఓ స్కాట్ సలివన్ పిలిచి, విమానాలు గాల్లో ఉన్నాయి, వాటిని దింపాక వెళ్దురుగాని అన్న ధోరణిలో నచ్చజెప్పాడు. బాధ్యతంతా నాదే అని కూడా అన్నాడు. (మన 'ఈ ఒక్క రిలీజ్ అయిపోనీ బాబూ' గుర్తొచ్చిందా? :))

ఆమె ఆగిపోయింది. విమానాలు దిగలేదు. 2001 మొదటి క్వార్టర్‌కి రిజర్వులు సరిపోక కొత్త ఎత్తు వేశారు. లైన్ల ఖర్చులోంచి 77.1 కోట్ల డాలర్లని ఆస్తి కింద రాసేశారు. ఇంటద్దె కట్టి, ఇల్లు కొన్నామని పుస్తకంలో రాసుకున్నట్టన్నమాట! ఆ తర్వాత ప్రతి క్వార్టరూ ఇదే తంతు. ఈలోగా ఆమెకి ప్రమోషన్ కూడా వచ్చింది. నిద్ర మాత్రం పోయింది.

దీన్ని పట్టుకున్నదీ అదే కంపెనీ ఉద్యోగులే. ఇంటర్నల్ ఆడిట్ హెడ్ సింథియా కూపర్, ఆమె టీమ్‌లోని జీన్ మోర్స్. పగలు డేటా లాగితే సర్వర్ నెమ్మదిస్తోందని మోర్స్ రాత్రిళ్ళు కూర్చుని ఎంట్రీలు తవ్వాడు. నాకైతే ఇక్కడ విజిలెయ్యాలనిపించింది. 2002 జూన్ 25న కంపెనీ 380 కోట్ల డాలర్ల తప్పుడు లెక్కలు ఒప్పుకుంది. చివరికవి సుమారు 1,100 కోట్లకి చేరాయి. జులై 21న దివాలా పిటిషన్, జులై 30న సాక్స్ చట్టం మీద బుష్ సంతకం.

2005లో శిక్షలు పడ్డాయి. సీఈఓ ఎబ్బర్స్‌కి 25 ఏళ్ళు. ప్రభుత్వానికి సాక్ష్యం చెప్పిన సలివన్‌కి 5 ఏళ్ళు. నేరం ఒప్పుకుని సాక్ష్యం చెప్పిన విన్సన్‌కి కూడా 5 నెలల జైలు, మరో 5 నెలల గృహ నిర్బంధం. చెప్పింది చేశానన్న మాట శిక్షని తగ్గించిందేమో గానీ తప్పించలేదు. ఆమె మొదట్లోనే కాదని ఉంటే ఇది అక్కడే ఆగిపోయి ఉండేదేమో అని జడ్జి అన్నారు. కాదంటే ఉద్యోగం పోయేది, అది నిజమే. ఇంకొకరితో వేయించేవాళ్ళేమో కూడా. ఎంత ఆలోచించినా నేను జడ్జి పక్షమే.

సత్యం ఉత్తరం బయటికొచ్చిన 2009 జనవరిలో నేను స్కూల్లో ఉన్నా. ఇంట్లో అందరూ రాజు గారి గురించే మాట్లాడుకున్నారు. 2015లో కోర్టు దోషులన్న పదిమందిలో ఫైనాన్స్ విభాగం ఉద్యోగులు కూడా ఉన్నారని ఇప్పుడు చదివితే తెలిసింది.

ఇదంతా ఎందుకంటే, పాత ఉద్యోగంలో ఒకసారి లీడ్ అడిగాడని ఒక టికెట్‌కి అప్రూవల్ వెనక డేటుతో పెట్టా. చిన్న మార్పే, ఎవరికీ నష్టం లేదు. ఆ నెల ఆడిట్ వాళ్ళు శాంపిల్‌గా 25 టికెట్లు తీసుకున్నారు. నాది అందులో లేదు. హమ్మయ్య అనుకుని క్యాంటీన్‌కెళ్ళి టీ తాగా.