దైవపిలుపు: విన్న చెవి, గుర్తించిన సంఘం

తెలుగు బైబిలులో దేవుడు పేరు పెట్టి పిలిచినప్పుడు అబ్రాహాము, మోషే ఇచ్చే జవాబు ‘చిత్తము’ అనే మాటతో మొదలవుతుంది. సమూయేలు అనే బాలుడు ‘చిత్తమండి’ అంటాడు. మూలంలో ఉన్న హీబ్రూ మాట ‘హిన్నేనీ’. దానికి ‘ఇదిగో నేను’ అని మాత్రమే అర్థం. కొలువుల్లోనూ దొరల లోగిళ్లలోనూ పెద్దల పిలుపుకు పలికే మర్యాదను అనువాదకులు ఎంచుకోవడం వల్ల, హాజరును తెలిపే హీబ్రూ మాట తెలుగులో విధేయతను తెలిపే మాటగా మారింది. ఆ మాటకు తెలుగు చెవికి చేరువయ్యే గుణం ఉన్నది గానీ, మూలంలోని ఒక సూక్ష్మమైన తేడా ఆ మార్పులో మరుగున పడింది. హిన్నేనీ అన్నవాడు ఆజ్ఞ ఏమిటో ఇంకా తెలియకముందే తాను అక్కడ ఉన్నానని, వింటున్నానని చెబుతున్నాడే తప్ప చెప్పబోయేదానికి ఒప్పుకుంటున్నానని చెప్పడం లేదు. మండుతున్న పొద ఎదుట ఆ మాట అన్న మోషేయే ఆ తరువాత తాను నోటి మాంద్యం గలవాడినని, మరొకరిని పంపమని దేవునితో చాలాసేపు వాదిస్తాడు. అందుబాటులో ఉండటం, ఆలకించడం, ఒప్పుకోవడం అనేవి వేర్వేరు మెట్లని గుర్తిస్తేనే క్రైస్తవ చరిత్రలో ‘పిలుపు’ అనే భావన ఎన్ని మలుపులు తిరిగిందో బోధపడుతుంది.

ఆ మెట్లన్నీ ఒకేచోట కనిపించేది సమూయేలు మొదటి గ్రంథంలోని మూడవ అధ్యాయంలో. రాత్రివేళ మందిరంలో పడుకున్న బాలుడికి తన పేరు వినిపించగా, అది చూపు మందగించిన ముసలి యాజకుడు ఏలీ గొంతు అనుకుని అతని దగ్గరకు పరుగెత్తుతాడు. నేను పిలవలేదు, వెళ్లి పడుకోమని ఏలీ అంటాడు. మూడుసార్లు అలా జరిగాక గానీ పిలుస్తున్నది దేవుడని ఏలీకి తట్టదు. పిలుపు విన్నది పిల్లవాడు, దానిని గుర్తుపట్టింది పెద్దవాడు. పైగా తెల్లవారేసరికి ఆ పిల్లవాడి చేతికి వచ్చిన సందేశం ఏలీ ఇంటి మీది తీర్పే అయినప్పటికీ, ఏలీ దానిని దాచవద్దని అడిగి మరీ విని తల వంచాడు. దైవపిలుపును ఏకాంతంలో జరిగే రహస్య సంభాషణగా భావించే అలవాటు తరువాతి కాలాల్లో బలపడింది గానీ, ఈ తొలి కథలోనే వినేవాడి పక్కన గుర్తుపట్టేవాడు ఒకడున్నాడు, ఆ రెండవవాడు లేకపోతే మొదటివాడు తెల్లవార్లూ తప్పు గది వైపు పరుగెత్తుతూనే ఉండేవాడు.

కొత్త నిబంధనలో పిలుపుకు వాడిన గ్రీకు మాట ‘క్లేసిస్’. తెలుగులో సంఘమని అనువదించిన ‘ఎక్లేసియా’ కూడా పిలవడమనే ధాతువు నుంచే పుట్టింది. అది మొదట గ్రీకు నగరాల్లో పౌరులను పిలిచి కూర్చిన సభకు పేరు. అంటే పౌలు దృష్టిలో సంఘంలోని ప్రతి మనిషీ పిలవబడినవాడే, వేరుగా పిలుపు పొందిన వర్గమంటూ లేదు. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక ఏడవ అధ్యాయంలో ఎవరు ఏ స్థితిలో పిలవబడ్డారో ఆ స్థితిలోనే ఉండమని ఆయన చెప్పిన మాట సున్నతి, దాస్యం వంటి ప్రశ్నలకు జవాబుగా వచ్చింది గానీ, వృత్తుల గురించి చేసిన సిద్ధాంతం కాదు. సువార్తలు మాత్రం ఆలకింపుకు మెలకువ అనే మరో గుణాన్ని జోడించాయి: గెత్సేమనే తోటలో యేసు శిష్యులను కోరింది తనతో కూడా మేలుకొని ఉండమనే, వారు చేయలేకపోయింది కూడా అదే.

మూడవ శతాబ్దపు ఐగుప్తులో ఆంతోని అనే యువకుడు, ఆస్తి వదులుకొమ్మని ధనవంతుడైన యువకుడికి యేసు ఇచ్చిన ఆజ్ఞ గుడిలో చదువుతుండగా విని, అది తనకే చెప్పినట్టు భావించి, తల్లిదండ్రులు విడిచిపోయిన 300 అరూరాల సారవంతమైన భూమిని, అంటే రమారమి 200 ఎకరాలను, వదిలేసి ఎడారి బాట పట్టాడని ఆయన చరిత్ర రాసిన అతనాసియస్ చెబుతాడు. ఆ కథ చేతులు మారుతూ 386లో మిలాన్ చేరి, ఒక అతిథి నోట అగస్టీన్ చెవిన పడింది. కొద్దిసేపటికే ఒక తోటలో పసిగొంతు పాడినట్టు వినిపించిన పదాలను చదవమనే ఆదేశంగా తీసుకోవడానికి అగస్టీన్‌కు ఆంతోని ఉదాహరణే ధైర్యమిచ్చింది. ఏకాంతానికి ఆదిపురుషుడని పేరుపొందిన ఆంతోని సైతం నిజానికి తన పిలుపును విన్నది నలుగురి మధ్య, వంతు ప్రకారం చదివిన పాఠంలో.

ఆలకింపును ఒక దినచర్యగా మలిచిన ఘనత ఆరవ శతాబ్దపు ఇటలీలో మోంటే కాసినో మఠాన్ని స్థాపించిన బెనెడిక్ట్‌ది. ఆయన రాసిన మఠ నియమావళిలో మొట్టమొదటి లాటిన్ మాటకే ‘ఆలకించు’ అని అర్థం. ప్రార్థనకు సంకేతం వినపడగానే సన్యాసి చేతిలో ఏ పనున్నా అక్కడికక్కడే వదిలి లేవాలి. పని సగంలో ఆగిపోయినా సరే, ఇది పూర్తి చేసి వస్తాననే సాకు చెల్లదు. రాత్రి పడుకునేటప్పుడు కూడా బట్టలతోనే, నడుముకు కట్టుతోనే పడుకోవాలి, అయితే నిద్రలో గుచ్చుకోకుండా నడుము కత్తిని మాత్రం తీసి పక్కన పెట్టాలి. గదిలో తెల్లవార్లూ దీపం వెలుగుతూ ఉండాలి. సిద్ధంగా ఉండటమనే గుణం గాలిలో తేలే ఉపదేశంగా మిగిలిపోకుండా, కట్టుకున్న బట్టలోకీ తీసిపెట్టిన కత్తిలోకీ దిగివచ్చిన తీరు ఇది. ఇదే నియమావళి ముఖ్యమైన విషయం వచ్చినప్పుడు మఠాధిపతి అందరినీ పిలిచి సంప్రదించాలని, మేలైన ఆలోచనను దేవుడు తరచుగా చిన్నవాడికే తెలియజేస్తాడని చెబుతుంది. మఠంలో చేరడానికి వచ్చినవాడిని వెంటనే లోపలికి రానివ్వవద్దని, నాలుగైదు రోజులు తలుపు దగ్గరే ఓపిక పట్టనివ్వాలని కూడా అందులోనే ఉంది. పిలుపు తనకు వచ్చిందని ఒక మనిషి అనుకోవడమే చాలదని, దానిని నలుగురూ కాలం మీద పరీక్షించాలని బెనెడిక్ట్ ఎరుగును.

అయితే మఠాలు వర్ధిల్లిన కొద్దీ పిలుపు మఠవాసులకూ గురువులకూ మాత్రమే చెందినదన్న భావం స్థిరపడి, దున్నేవాడూ నేసేవాడూ పిలుపు లేనివారుగా మిగిలారు. ఈ అడ్డుగోడను బద్దలు కొట్టినవాడు మార్టిన్ లూథర్. క్రైస్తవులందరూ ఒకే ఆత్మీయ వర్గమని 1520లో వాదించిన ఆయన చేతిలో ‘బెరూఫ్’ అనే జర్మన్ మాట దైవపిలుపుతో పాటు రోజువారీ వృత్తికి కూడా పేరైంది. చెప్పులు కుట్టడం, బిడ్డను ఎత్తుకోవడం కూడా పొరుగువాడి అవసరం రూపంలో వచ్చిన దేవుని పిలుపుకు జవాబేనని ఆయన బోధించాడు. ఇంగ్లండులో ప్యూరిటన్ బోధకుడు విలియమ్ పెర్కిన్స్ విశ్వాసానికి పిలిచే సాధారణ పిలుపును, వృత్తికి పిలిచే ప్రత్యేక పిలుపును విడదీసి ఆ బోధకు క్రమరూపం ఇచ్చాడు. ఇది గొప్ప విముక్తి అనడంలో సందేహం లేదు, కానీ దాని లోపలే ఒక ప్రమాదం దాగి ఉన్నది. ఉన్న స్థితిలోనే ఉండమన్న పౌలు మాట, పుట్టుకతోనే వృత్తి నిర్ణయమయ్యే సమాజంలో వినిపిస్తే, తోలుపని చేసే మాదిగకు అతని వెట్టి కూడా దేవుడిచ్చిన పిలుపేనని చెప్పినట్టవుతుంది. తెలుగు నేల మీద సువార్త విన్న మాదిగలు, మాలలు ఆ పిలుపును ఉన్నచోట ఉండిపోయే పిలుపుగా కాక లేచి నిలబడే పిలుపుగా అర్థం చేసుకోవడం లూథర్ బోధకు చరిత్ర చేసిన దిద్దుబాటుగా కనిపిస్తుంది.

లూథర్ కాలంలోనే, 1521లో పాంప్లోనా కోట యుద్ధంలో ఫిరంగి గుండు తగిలి మంచాన పడిన ఇగ్నేషియస్ లొయోలా, వీరగాథల ఊహలు ముగిశాక మనసు ఎండిపోవడం, పరిశుద్ధుల కథలు తలచుకున్నాక తృప్తి నిలిచి ఉండటం గమనించి, ఆ చిన్న పరిశీలన మీదనే వివేచన అనే పద్ధతిని నిర్మించాడు. వివేచన అంటే మనసులో కలిగే కదలికల్లో ఏది దేవుని వైపు నడిపిస్తున్నదో ఓపికగా వేరుచేసి చూడటం. 1548లో పోపు ఆమోదం పొందిన ఆయన ‘ఆత్మీయ సాధనలు’ గ్రంథం, సాధన చేయించే గురువు సాధకుణ్ణి ఏ వైపుకూ తోయకుండా తక్కెడ ముల్లులా నడుమ నిలవాలని కోరుతుంది. 17వ శతాబ్దపు ఇంగ్లండులో పుట్టిన క్వేకర్లు వివేచనకు మరో రూపం ఇచ్చి, బోధకుడు లేకుండా అందరూ మౌనంగా కూర్చుని ఎదురుచూస్తూ, ఒకరికి కలిగిన ప్రేరణను సభ మొత్తం తూచి చూసే ఆచారం పాటించారు.

చెప్పులు కుట్టే విలియమ్ కేరీ 1792లో ప్రచురించిన చిన్న పుస్తకంతో ప్రొటెస్టెంటులలో పిలుపుకు సముద్రం దాటడమనే అర్థం బలపడింది. ఆ ఒరవడిలో వచ్చిన అమెరికన్ బాప్తిస్టుల తెలుగు మిషను ఫలితం కనపడక మూతబడే దశకు చేరినప్పుడు, 1854 జనవరి 1 తెల్లవారుజామున ఒంగోలు కొండ మీద ఐదుగురు ప్రార్థించారు. మిషనరీ లైమన్ జూయెట్ దంపతుల పేర్లు ఆ కథలో ఎప్పుడూ ముందుంటాయి. మిగిలిన ముగ్గురు క్రిస్టియన్ నర్సు, జూలియా, రూతు అనే స్థానిక విశ్వాసులని గుర్తుచేయవలసి రావడమే ఒక లోటు. ఆ ప్రాంతంలో పిలుపును పల్లె నుంచి పల్లెకు మోసిన యెర్రగుంట్ల పేరయ్య తోళ్ల వ్యాపారి, మాదిగ. 1866లో బాప్తిస్మం పొందకముందే ఆయన యోగసాధన చేసి సత్యం కోసం వెతికినవాడు. ఆలకించే అలవాటు మిషనరీ పడవలో రాలేదు, అది ఆయనలో అప్పటికే ఉన్నది.

వ్యక్తి ఒంటరిగా విని ఒంటరిగా నిర్ణయించుకోవాలన్నది బాప్తిస్టుల సిద్ధాంతం కాగా, తెలుగు పల్లెల్లో కుటుంబాలూ పల్లె పెద్దలూ కూర్చుని మాట్లాడుకుని కలిసి కదిలారు. 1876–78 కరువులో మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని ఆకలిగొన్నవారికి పని కల్పించాడు. కూటి కోసం వచ్చారన్న మాట రాకూడదని కరువు పని సాగినంత కాలం బాప్తిస్మాలు ఆపివేశాడు. పని ముగిసినా జనం వస్తూనే ఉన్నారు. 1878 జూలై 3న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మం పొందారు. గుంపుగా వచ్చిన విశ్వాసం లోతులేనిదన్న అనుమానం తరువాత చాలాకాలం వినిపించింది. కానీ కలిసి వినడం తక్కువరకం వినడమైతే, అగస్టీన్ పక్కన స్నేహితుడు అలీపియస్ అదే తోటలో అదే రోజున తీసుకున్న నిర్ణయాన్ని కూడా తక్కువగానే లెక్కించాలి.

తమిళుడైన వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1909లో దోర్నకల్ ప్రాంతానికి మిషనరీగా వచ్చి, తెలుగు నేర్చుకుని, 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్‌గా అభిషిక్తుడై, ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన మొదటి భారతీయుడయ్యాడు. ఆయన దృష్టిలో పిలుపు పాదిరికి మాత్రమే చెందినది కాదు. బాప్తిస్మం పొందిన ప్రతి ఒక్కరూ తమ చేతిని తమ తల మీద పెట్టుకుని, తాము బాప్తిస్మం పొందిన క్రైస్తవులమని, సువార్త చెప్పక ఊరకుంటే తమకే కీడని ఆయన వెంట పలికేవారు. అభిషేకంలో బిషప్ చేయి గురువు తల మీద ఉంటుంది. ఇక్కడ కూలి చేసుకునే మనిషి చేయి తన తల మీదే ఉన్నది. రోమన్ కథోలిక సంఘం పవిత్రతకు పిలుపు సర్వజనులదని రెండవ వాటికన్ సభలో విస్పష్టంగా ప్రకటించింది 1964లో. అయినా తెలుగు కథోలికుల వాడుకలో ‘దైవపిలుపు’ అంటే నేటికీ గురువులూ కన్యాస్త్రీలూ అయ్యే పిలుపే ముందుగా తలపుకు వస్తుంది.

పల్లె గడప దాటి లోపలికి వెళ్లగలిగింది ఎక్కువగా బైబిలు స్త్రీలు. పురుష బోధకుడు అడుగుపెట్టలేని వంటింటి పంచన కూర్చుని, చదువురాని ఆడవాళ్లకు వచనాలు నోటికి నేర్పిన ఈ స్త్రీల పిలుపును సంఘాలు జీతం ఇచ్చి వాడుకున్నాయి గానీ, చాలాకాలం దానికి అభిషేకం అనే పేరు ఇవ్వలేదు. గుర్తుపట్టవలసిన ఏలీ ఇక్కడ మరింత ఆలస్యం చేశాడు: 1947 సెప్టెంబరు 27న ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘం తన మొదటి మహిళా బిషప్‌గా ఇ. పుష్పలలితను నంద్యాల అధ్యక్ష మండలానికి అభిషేకించింది 2013లో.