కొండబాటకు ముందు నీటి లెక్క

ఏటేట ఫాల్గుణమాసము ముగియవచ్చునప్పటికి కన్నడసీమ యాత్రికులు మన పడమటి తాలూకాల మీదుగా శ్రీశైలమునకు కాలినడకన పోవుదురు. బళ్లారి నుండి ఆలూరు, ఆదోనికి పోవు బాట మా హాలహర్వి మీదుగా నున్నది. యాత్రికుల భుజమున కావడి, నోట మల్లయ్య నామము, మూటలో భ్రమరాంబకు చీర. అమ్మవారు వారికి ఇంటి ఆడపడుచు, మల్లికార్జునస్వామి అల్లుడు. ఉగాదినాటికి పుట్టింటి సారె చేరవలయునని వారి పట్టుదల.

నా చిన్నతనమున అట్టి యాత్రికుడొక వృద్ధుడు మా యింటి అరుగుమీద విశ్రమించి, వ్రేళ్లు మడచుచు ఏదియో లెక్కించుచుండెను. “ఆమడలా తాతా?” అని యడిగితిని. “ఆమడలు కావప్పా, నీళ్లు” అనెను. నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను అని మూడు వ్రేళ్లు మడచి చూపెను. ఆ మాట లోతు నాకు చాలకాలము తరువాత గాని తెలియలేదు.

ఆత్మకూరు దాటి వెంకటాపురము విడిచిన పిదప నల్లమల మొదలగును. అక్కడినుండి బాట సూటిగా పోదు. ఒక నీటిపట్టు నుండి మరియొక నీటిపట్టునకు పోవును. నాగలూటిలో వీరభద్రాలయము, కోనేరు. అటుపిమ్మట పెద్దచెరువు, దాని చెంత చెంచుగూడెము. ఆపైన భీముని కొలను. ఇది లోతైన లోయ. మెట్లు దిగి లోయ దాటి, తిరిగి మెట్లెక్కిన గాని కైలాసద్వారము రాదు. చివరి రెండు మజిలీల పేర్లలోనే చెరువు, కొలను ఉన్నవి గదా! ఈ బాటను ఏర్పరచినవారు ముందు నీటిని చూచి, పిదప అడుగు వేసిరని దీనివలన తెలియుచున్నది.

ఈ కొండకు ఎందరో మహనీయులు వచ్చిరి. 12వ శతాబ్దమున అక్కమహాదేవి కల్యాణము విడిచి ఇక్కడి కదళీవనము చేరెను. 1677లో శివాజీ మహారాజు స్వామిని దర్శించెను. అయితే క్షేత్రము కొండమీద, కృష్ణానది పాతాళమువలె క్రింద. అందుచేతనే ఆ రేవునకు పాతాళగంగ యను పేరు. 14వ శతాబ్దమున రెడ్డిరాజు ప్రోలయ వేముడును, విజయనగర ప్రభువు రెండవ హరిహరరాయల దేవి విఠలాంబయు పాతాళగంగకు మెట్లు కట్టించిరి. యాత్రికుని నీటికడకు చేర్చుటయు దైవసేవయే యని వారెరిగిరి.

కొండప్రయాణమును ఎట్లు సిద్ధము చేసికొనవలయునో తెలియగోరువారు ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్రచరిత్రను చూడవచ్చును. చెన్నపట్టణపు సుప్రీము కోర్టులో దుబాసియైన ఆయన 1830 మే 18న సుమారు నూరుమంది పరివారముతో బయలుదేరి, తిరుపతి, కడప, అహోబిలము, మహానంది మీదుగా శ్రీశైలము దర్శించి కాశికి పోయి, 1831 సెప్టెంబరులో ఇల్లు చేరెను. ఏ మజిలీ ఎంతదూరము, అక్కడ నీరెట్టిది, సరకులు దొరకునా, దిగుటకు చోటున్నదా యని ఊరూరను వ్రాసికొనెను. తనకు జరిగినది వెనుక వచ్చువారికి ఉపయోగపడవలయునను బుద్ధి అందులో కనబడును. ఆ గ్రంథము 1838లో అచ్చయ్యెను.

ఏర్పాట్లెన్ని యున్నను నీటివిషయమున ఏమరిన నేమగునో మన పత్తికొండ చెప్పుచున్నది. 1800 నుండి 1807 వరకు దత్తమండలముల కలెక్టరుగా నుండి, తరువాత మద్రాసు గవర్నరైన సర్ థామస్ మన్రో, స్వదేశమునకు మరలుటకు ముందు ఈ సీమను చివరిసారి చూడవచ్చెను. గుడారములు, వైద్యులు, సేవకులు అన్నియు నుండెను. అయినను 1827 జూలై 6న పత్తికొండలో విషూచి సోకి ఆనాడే గతించెను. ఆయన జ్ఞాపకార్థము అక్కడ చెట్లు నాటించి మెట్లబావి త్రవ్వించిరి. విషూచి చెడునీటివలన వ్యాపించునని లండనులో జాన్ స్నో అను వైద్యుడు 1854లో నిరూపించువరకు, ఆ రోగము గాలివలన వచ్చునని పెక్కుమంది నమ్మిరి. అట్లే మలేరియాకు కారణము దోమయని రోనాల్డ్ రాసు 1897లో మన సికిందరాబాదులోనే కనుగొనెను. కనుక కాచిన నీరు, దోమతెర కొండకు పోవువానికి కర్రకంటె ముఖ్యమైన ఆయుధములు.

నేడు మోటారు బాట యున్నది, నడువనక్కరలేదు. అయినను భక్తిచేతనో, కొండలోయలు చూచు ఉత్సాహముచేతనో నడిచిపోవు యువకులు తక్కువ కారు. అది మంచిదే. వారిని ఆపవలదు, సిద్ధము చేసి పంపుదము. ఈ యడవి నేడు పెద్దపులుల సంరక్షణకై ఏర్పడిన ప్రదేశము. కావున అటవీశాఖవారు అనుమతించు దినములు ముందుగా తెలిసికొనవలయును. శివరాత్రికి, ఉగాదికి బాట తెరచినప్పుడే, గుంపుగా, పగటివేళ పోవలయును. లోయలో దిగుట సులభము, ఎక్కుట కష్టము. కనుక భీముని కొలను చేరునప్పటికి ఎండ ముదరకుండ మజిలీలు లెక్కచూచుకొనవలయును. చెంచుల మాట పెడచెవిని బెట్టరాదు. ఆ యడవి వారి యిల్లు. సీసాలు, కాగితములు విడిచి రారాదు.

ఇక మనమాట. నల్లమల చేరుటకు ముందే యాత్రికుడు మన రేగడి నేలలలో దినములకొలది నడువవలయును. ఆ నేలలో చెట్టు నీడ అరుదు. మన పెద్దలు బాటప్రక్కన బావులు త్రవ్వించిరి, చలివేంద్రములు పెట్టిరి. నేడు ఆ బావులలో కొన్ని పూడినవి, కొన్ని ఎండినవి. ఏ బావి తీపిది, ఏది ఉప్పనిది, ఏది వేసవిలో నిలుచును అను సంగతి వృద్ధుల నోటనే యున్నది. వారితోనే అది పోవుటకు వీలులేదు. ప్రతిగ్రామమునను ఒకరు కాగితము తీసికొని తమ పొలిమేరలోని బావులను వ్రాసియుంచవలయును. ఒక్క బావినైనను పూడిక తీయించవలయును.

ఆ వృద్ధుడు మడచిన మూడు వ్రేళ్లు నల్లమలవి. మన సీమకు రాగా ఆయన మరికొన్ని వ్రేళ్లు మడచెను. అందులో మా యూరి బావి యొకటి. రాబోవు ఫాల్గుణమున ఏ యాత్రికుడైన మన యరుగుమీద కూర్చుండి లెక్కించునప్పుడు, మన యూరికి ఒక వ్రేలు మడవవలయును.